యల్లమంద పట్టీ

యల్లమంద చనిపోయిన నలభయ్యో రోజున పోలిశెట్టి మాల్యాద్రి అతన్ని మళ్ళీ పనిలోకి పిలిచాడు.

నల్లగుట్ట క్వారీ ఆఫీసు వెనకాల, ఒకప్పుడు పేలుడు మందు దాచిన గదిలో ఇనుప బీరువాలంతేసి యంత్రాలు మూడు నిలబెట్టారు. బయట ఎండకి కొండ కాలిపోతున్నా ఆ గదిలో మాత్రం దుప్పటి కప్పుకోవలసినంత చలి. యంత్రాల ముందు జరీనా కూర్చుని ఉంది. బతికున్న మనిషి నేర్పుని తోడి నిలవ చేసే పద్ధతి కనిపెట్టిన జట్టులో ఆమె ఒకతె. దాన్ని రాళ్ళ వ్యాపారంలోకి దించింది మాత్రం మాల్యాద్రి. కొత్త సరుకు బజారుకి రాకముందే దాని వాసన పట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"పిలవమంటారా?" అంది జరీనా.

"పిలువమ్మా. బయట రాళ్ళు కాచుకునున్నాయి."

పదకొండు నిమిషాలు పట్టింది. గోడకి తగిలించిన పెట్టెలోంచి ముందు దగ్గు వచ్చింది. ముప్పై ఏళ్ళ రాతి దుమ్ము దగ్గు. ఆ తర్వాత మాట.

"సావుకారా?"

"నేనే, యల్లమందా."

"అయితే నేను పోయానన్నమాట. ఏ రోజున?"

"శుక్రవారం."

"పర్లేదు, మంచి రోజే. దినానికి యాటల్ని కోశారా?"

"రెండు పొట్టేళ్ళని కోయించాను."

"రెండేనా! ముప్పై ఏళ్ళు నీ రాళ్ళు మోగించాను గదయ్యా. మూడోదానికి నీకు చెయ్యి రాలా?"

జరీనా కిసుక్కున నవ్వింది. మాల్యాద్రికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే అవతలి గొంతు మారింది.

"అంకమ్మ యాడుంది?"

"ఆఫీసులో ఉంది. ఫ్యాను కింద కూర్చోబెట్టాను," అన్నాడు మాల్యాద్రి తడుముకోకుండా.

"మాట నిలబెట్టుకున్నావు. చల్లగా ఉండు. ఏదీ, రాయి వినిపించు."

యల్లమంద కూతురు అంకమ్మ ఆ సమయానికి వంద గజాల దూరంలో, గోతిలో, క్రేను ఇనుపతాడు కింద నిలబడి ఉంది.

నల్లగుట్టలో దొరికేది బంగారు చుక్కల నల్లరాయి. ఒక్కో దిమ్మ ఇరవై, ముప్పై టన్నులు. పైకి నున్నగా, నిండుగా కనబడే దిమ్మకి లోపల వెంట్రుకంత చీలిక ఉంటే చాలు, క్రేను ఎత్తినప్పుడు రెండుగా విడిపోతుంది. ఆ చీలికని కంటితో పట్టలేరు. సుత్తితో తూర్పు నుంచి పడమరకి తొమ్మిది చోట్ల కొట్టి, మోత విని చెప్పాలి. ఈ చుట్టుపక్కల అలా చెప్పగలిగినవాడు పల్లపు యల్లమంద ఒక్కడే. రాయిని అణాల్లో చెప్పేవాడు. పదహారణాలంటే మచ్చలేని రాయి. పదికి తగ్గితే ఎత్తకూడదు, ఉన్నచోటే చీరుకోవాలి. అతను పది అన్న రాయి ఏడాదికి ఒకటి విరిగిందేమో, అంతే.

అతని ఊపిరితిత్తుల్లో దుమ్ము గడ్డకట్టిందని డాక్టర్లు తేల్చాక మాల్యాద్రి లెక్క వేసుకున్నాడు. కొండ ఎక్కడికీ పోదు, మనిషి పోతాడు. జరీనాని పిలిపించాడు. పదకొండు నెలలు యల్లమంద నెత్తికి, చేతులకి పట్టీలు కట్టుకుని రాళ్ళు కొట్టాడు. నలభై వేల దెబ్బలు. ప్రతి దెబ్బకీ చెవిలో పడ్డది, చేతిలో అదిరింది, మనసులో మెదిలింది, అన్నీ యంత్రాల్లోకి చేరాయి. దానికి అతను అడిగింది ఒక్కటే.

"నా తర్వాత మా అంకమ్మని రాయికాడ ఉంచబాక. లోపల ఏదన్నా పని ఇయ్యి. దానికి ఇద్దరు బిడ్డలు."

"సరే," అన్నాడు మాల్యాద్రి. అన్నప్పుడు ఆ మాట నిజమే. కాని ఇచ్చిన మాటకీ కోసిన కూరగాయకీ ఒకటే గుణం, వెంటనే వాడకపోతే వాడిపోతుంది. దిమ్మకి గొలుసు చుట్టి, క్రేను నడిపే దస్తగిరికి చేత్తో సైగ చేసే పనిలో అంకమ్మంత నిదానం ఎవరికీ లేదు. ఆమె సైగ చేస్తే తాడు ఊగదు. ఈ సీజను గడవనీ అనుకున్నాడు.

మొదటి వారం పని నత్తనడక నడిచింది. ఒక్కో రాయికి కొత్త మోత వినిపించాలి, యల్లమంద వినాలి, చెప్పాలి. అంతవరకు ఓర్చుకోవచ్చు. యంత్రాలు వేడెక్కుతాయని పూటకోసారి అతన్ని ఆపి, మళ్ళీ పిలవాలి. పిలిచిన ప్రతిసారీ అతను తన చివరి రికార్డు రోజు నుంచే లేస్తాడు. నిన్నటి మాట గుర్తుండదు. "అయితే నేను పోయానన్నమాట" దగ్గర మొదలు. ఏ రోజున? యాటల్ని కోశారా? రెండేనా? అంకమ్మ యాడుంది?

"గుర్తుండేలా దాచొచ్చు," అంది జరీనా. "కాని ఒకసారి దాచింది మళ్ళీ తీసెయ్యడం కుదరదు. ఆయనలో కలిసిపోతుంది."

"వద్దులే," అన్నాడు మాల్యాద్రి. గుర్తులేని మనిషికి అదే అబద్ధం రోజూ కొత్తగా చెల్లుతుంది. ఆ సౌకర్యం అతనికి నచ్చింది.

అసలు చిక్కు సుత్తి దగ్గర వచ్చింది. కొత్తగా పెట్టిన పనివాడు కొడుతుంటే యల్లమంద విసుక్కునేవాడు. "ఎవుడయ్యా వీడు? రాయి కొడతా ఉండాడా, పప్పు రుబ్బుతా ఉండాడా? దెబ్బ తిన్నగా లేకపోతే నేనేం వినేది?" మనుషుల్ని మార్చి చూశారు. ఎవరి దెబ్బా కుదరలేదు. చివరికి దస్తగిరి అన్నాడు, "సావుకారూ, అంకమ్మ చేత కొట్టించండి. చిన్నప్పట్నుంచి వాళ్ళ నాయన పక్కన కొట్టింది. ఇద్దరి చెయ్యీ ఒకటే."

అంకమ్మ తండ్రి సుత్తి తీసుకుంది. మొదటి రాతి మీద తొమ్మిది దెబ్బలు పడ్డాయి. గదిలో మాల్యాద్రి పెట్టె వైపు వంగాడు.

"ఏమంటావు యల్లమందా?"

"ఈ దెబ్బ మా అంకమ్మది."

"కాదులే. కొత్త పిల్లెవరో..."

"కన్నబిడ్డ చెయ్యి నాకు తెలవదా? మూడో దెబ్బకి మణికట్టు తిప్పుద్ది. ఆ అలవాటు మానమని నెత్తీ నోరూ కొట్టుకున్నా." గొంతు పెరగలేదు, తగ్గింది. "ఆఫీసులో ఉందన్నావే సావుకారా."

మాల్యాద్రి ఏదో సర్దిచెప్పబోయాడు.

"అది రాయికాణ్ణించి లేస్తేనే నేను చెప్పేది. లేకపోతే చెప్పను. ఏం చేస్తావో చేసుకో."

ఆపి, మళ్ళీ పిలిచారు. గుర్తులేదు కదా, మళ్ళీ పోయిన రోజు అడిగాడు, యాటల సంగతి అడిగాడు. మళ్ళీ దెబ్బ వినగానే పట్టేశాడు. మళ్ళీ నోరు కట్టేసుకున్నాడు. ఆ వారంలో ఆరుసార్లు పిలిస్తే ఆరుసార్లూ అంతే. బయట దిమ్మలు మేరువుల్లా పేరుకుపోయాయి. మాల్యాద్రికి తన జీవితంలో ఇంత మొండి సరుకు తగల్లేదు. డబ్బిచ్చి తెచ్చుకున్న తూకపురాయి ఎదురు ప్రశ్న వేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"వేరే దారి లేదా అమ్మాయ్?"

జరీనా కాసేపు గోళ్ళు చూసుకుంది. "ఉంది. మనిషిని లేపకుండా, లోపలున్నవి మాత్రం వరసలుగా తీసుకోవచ్చు. ఈ మోతకి దగ్గరి మోతలేవి, అవి ఆయన చెవికి ఎన్ని అణాలుగా తోచాయి. ఒక పట్టీలాగా వస్తుంది. రెప్పపాటు పని."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మరి?"

"పట్టీలో ఆయన ఉండడు మాల్యాద్రిగారూ. ఆయన విన్నది వస్తుంది. విన్నదాంతో ఆయన ఏం చేస్తాడో అది రాదు. అది చెయ్యాలంటే ఆయన లేవాలి."

"విన్నది చాలమ్మా నాకు. వడ్లు కావాలంటే రైతుని ఇంటికి తెచ్చుకుంటామా?"

మర్నాటి నుంచి పట్టీ వచ్చింది. అంకమ్మ తొమ్మిది దెబ్బలు కొట్టి సుత్తి దించేలోపల జరీనా తెర మీద అంకె పడేది. దగ్గు లేదు, దినం సంగతి లేదు, కూతురి సంగతి లేదు. పదకొండు. పద్నాలుగు. ఎనిమిది. గుమాస్తా పరుగున వెళ్ళి ఆ అంకెని దిమ్మ మీద సుద్దతో రాసేవాడు. పూటకి నాలుగు రాళ్ళు లేవని చోట ముప్పై లేచాయి. పట్టీ ఎదురు అడగదు. మాల్యాద్రికి ఆ నెలలో మొదటిసారి కంటినిండా నిద్ర పట్టింది.

రాళ్ళ బజారులో ఒక ఆచారం ఉంది. దిమ్మకి అంచుల్లో పనికిరాని భాగం ఉంటుంది కనుక, కొలిచినవాడు ఆ తరుగు మనసులోనే తీసేసి నికరం మాత్రమే రాతి మీద రాస్తాడు. సుద్దతో రాసిన ఏ అంకె అయినా తరుగు పోగా మిగిలినదే. దాన్ని మళ్ళీ ఎవరూ అడగరు. అడిగితే కొలిచినవాణ్ణి అవమానించినట్టు. మాల్యాద్రి నలభై ఏళ్ళు అట్లాంటి అంకెల మధ్య పెరిగాడు. రాతి మీద సుద్దతో పదమూడు అని కనబడితే అది నికరం పదమూడే. అందులో అనుమానించడానికి ఏముంది?

ఒకరోజు మధ్యాహ్నం, అన్నాల వేళ, అంకమ్మ ఆఫీసు గుమ్మం దగ్గరకి వచ్చి నిలబడింది. చీర మీద మగవాళ్ళ చొక్కా, నెత్తికి తువ్వాలు, కనురెప్పల మీద రాతి పొడి.

"సావుకారూ, ఒక మాట అడుగుతా, తిట్టబాకండి."

"అడుగు."

"మా నాయన ఆ గదిలో మాట్టాడతా ఉండాడంట గదా. ఒక్కసారి నన్ను గూడా మాట్టాడనీయరాదా? ఎక్కువసేపు వద్దు. చిన్నోడు బళ్ళో చేరాడని చెప్పి వచ్చేస్తా."

మాల్యాద్రి మంచినీళ్ళ గ్లాసు ఎత్తి తాగి, దించాడు. ఈ పిల్ల గొంతు వింటే అవతలివాడు ముందు అడిగే ప్రశ్న ఏమిటో అతనికి తెలుసు.

"అది ఒట్టి యంత్రమే అంకమ్మా. మీ నాయన కాదు. అంకెలు చెబుతుంది, అంతే."

"మాటలు రావా?"

"రావు."

"మరి దస్తగిరన్న, యాటల గురించి అడిగాడని చెప్పాడే!"

"వాడి మాటలు నమ్ముతావా? వాడు వాళ్ళావిడకే నిజం చెప్పడు."

అంకమ్మ నవ్వింది, నవ్వుతూనే ముఖం పక్కకి తిప్పుకుంది. "మూడోది కొయ్యలేదేమని మా నాయన నిజంగా అడిగేవాడే సావుకారూ," అంటూ గోతిలోకి దిగిపోయింది. ఆమెకి చెప్పింది అబద్ధం కాదనుకున్నాడు మాల్యాద్రి. మనిషిగా పిలవడం మానేశాక అందులో ఉన్నవి నిజంగా అంకెలే కదా.

ఏడు నెలలు గడిచాయి. ఈ ఏడు నెలల్లో ఎత్తగానే విరిగిన దిమ్మలు తొమ్మిది. యల్లమంద బతికుండగా తొమ్మిదేళ్ళకి అన్ని విరిగేవి. ఎవరికీ ఏమీ కాలేదు. రాయి పోయింది, అంతే. "కొండ లోతుకి పోయేకొద్దీ రాయి చెడ్డదవుతుంది," అన్నాడు మాల్యాద్రి. వ్యాపారంలో ప్రతి నష్టానికీ ఒక పేరు పెడితే అది నష్టంలా కనబడదు. దస్తగిరి మాత్రం ఒకసారి క్రేను దిగివచ్చి, "ఏందో సావుకారూ, ఈ మధ్య అంకెలు కొంచెం దొడ్డుగా ఉంటున్నాయి. ముసలోడు ఇంత ధారాళంగా పదమూడు చెప్పేవాడు కాదు," అన్నాడు.

"చచ్చాక మంచివాడయ్యాడు," అన్నాడు మాల్యాద్రి. ఇద్దరూ నవ్వుకున్నారు.

కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు సోమవారం, పొద్దున్నే తెరిపి ఇచ్చింది. దిమ్మలన్నీ తడిసి నల్లగా మెరుస్తున్నాయి. అంకమ్మ ఒక దిమ్మ మీద తొమ్మిది దెబ్బలు కొట్టింది. తెర మీద పదమూడు పడింది. గుమాస్తా సుద్దతో రాశాడు. తడి రాయి మీద సుద్ద సరిగా అంటకపోతే రెండోసారి దిద్దాడు. అంకమ్మ గొలుసు చుట్టి, కొక్కెం తగిలించి, ఎడం చేత్తో గొలుసుని సరిచూస్తూ కుడి చెయ్యి పైకెత్తింది. దస్తగిరి తాడు లాగాడు.

దిమ్మ మోకాలెత్తు లేచింది. ఆఫీసు మెట్ల మీద నుంచి చూస్తున్న మాల్యాద్రికి ముందు శబ్దం వినబడలేదు. దిమ్మ మధ్యలో ఒక గీత కనబడింది, అంతే. పడమటి సగం గొలుసులోంచి జారి, తిరిగి, అంకమ్మ నిలబడ్డ వైపు పడింది. ఆమె చెయ్యి ఇంకా పైకే ఉంది. ఆపమనే సైగ చెయ్యడానికి కూడా వ్యవధి దొరకలేదు.

రాతిని పక్కకి తీయడానికి గంటన్నర పట్టింది. తీసిందీ దస్తగిరే. తీసినంతసేపూ అతను ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

మూడో రోజున గనుల భద్రత చూసే అధికారి వచ్చాడు. పెద్దమనిషి, కేకలు వెయ్యలేదు. రికార్డు అడిగాడు, జరీనా పట్టీ తీసి ఇచ్చింది. పదమూడు. పదికి పైన. కాగితం మీద 'ప్రమాద కారణం' అనే గడిలో అతను 'రాయి పరీక్షించిన పల్లపు యల్లమంద (మృతుడు) అంచనా పొరపాటు' అని రాసి, కింద మాల్యాద్రి సంతకానికి చోటు వదిలాడు.

"సాయంత్రానికి సంతకం పెట్టి ఉంచండి. మీ తప్పేం లేదు, మీరు రికార్డు ప్రకారమే చేశారు," అని తన జీపులో గోతివైపు వెళ్ళాడు.

కాగితం బల్ల మీద ఉంది. మాల్యాద్రి దాన్ని సరుకు చూసినట్టు చూశాడు. మంచి బేరం. పోయినవాడి మీదికి పోతుంది. పోయినవాడికి కొత్తగా పోయేదేమీ లేదు. కలం మూత తీశాడు. తండ్రి అంచనా తప్పి కూతురు చచ్చిపోయింది అని తన సంతకంతో ఊరంతా తిరుగుతుంది ఈ కాగితం. అంకమ్మ పిల్లలు పెద్దయ్యాక చదువుకుంటారు. ఆ తాత ముప్పై ఏళ్ళలో తప్పింది ఎన్నిసార్లు? పోయాకే ఇన్నిసార్లు తప్పాడా? ఆ ఒక్క ప్రశ్న దగ్గర కలం ఆగింది. వ్యాపారి బుర్ర. నాణ్యం ఉన్నట్టుండి పడిపోతే సరుకు మారిందేమోనని చూడాలి కదా.

"మనిషిగా పిలువు," అన్నాడు జరీనాతో. "ఆ సోమవారం మోత వినిపించాలి."

పదకొండు నిమిషాలు. దగ్గు. అయితే నేను పోయానన్నమాట. ఏ రోజున? యాటల్ని కోశారా? అన్నిటికీ జవాబు చెప్పాడు మాల్యాద్రి.

"అంకమ్మ యాడుంది?"

"ముందు ఈ రాయి విను యల్లమందా. తర్వాత చెబుతా."

తొమ్మిది దెబ్బలు మోగాయి.

"దెబ్బ అంకమ్మది," అన్నాడు యల్లమంద.

"అవును."

"కాదని బొంకుతావనుకున్నా. సరే. రాయి తడిసుంది. తొమ్మిది. ఎత్తబాకండి. పడమటి పక్క లోపల ఈనెలాగా సన్న చీలిక ఉంది, గొలుసు బిగిస్తే విడిపోద్ది."

"పట్టీలో పదమూడుంది."

"ఏం పట్టీ?"

మాల్యాద్రి చెప్పాడు. మనిషిని లేపకుండా, అతను విన్నది మాత్రం తీసుకున్నామని చెప్పాడు. యల్లమందకి అర్థం కావడానికి రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"అట్టా చెప్పు. నా చెవి పదమూడే అంటది. పేలుళ్ళకి నా కుడి చెవి సగం చచ్చి ఇరవై ఏళ్ళు. పగుల్లో ఉండే సన్న జీర దానికి వినబడదు. అన్ని రాళ్ళూ మంచియ్యే దానికి. అందుకని ఎండిన రాయికి రెండు, తడి రాయికి నాలుగు తీసేసి బయటికి చెబుతా. చెయ్యి అదిరితే ఇంకోటి తీస్తా. తీసినాకనే నా మాట." దగ్గు వచ్చింది, ఆగింది. "నువ్వు రాళ్ళ యాపారివి గదయ్యా. తరుగు తీశారా లేదా అని అడగాల్సింది నువ్వేగా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి, సుద్ద అంకె లేని ఏ సరుకు దగ్గరైనా మాల్యాద్రి ముందు అడిగే మాట అదే. ఇక్కడ అంకె వేసింది కొలిచినవాడు కాదని తెలిసీ అడగలేదు. అడగాలంటే మనిషిని లేపాలి. లేపితే మనిషి ఇంకోటి అడుగుతాడు.

"ఎత్తారా ఆ రాయిని?"

"ఎత్తాం."

"గొలుసుకాడ ఎవురుండారు?"

జరీనా కుర్చీలోంచి లేచి గోడవైపు తిరిగి నిలబడింది.

"అంకమ్మ," అన్నాడు మాల్యాద్రి.

"ఉందా?"

"లేదు యల్లమందా."

యంత్రాల పంకాలు ఒక్కసారిగా హోరెత్తాయి. జరీనా కంగారుగా తెర చూసింది. ఆగిపోలేదు, నడుస్తూనే ఉంది. లోపల ఎక్కడో ఒక మనిషి తన నలభై వేల దెబ్బల మధ్య కూర్చుని ఉన్నాడు. చాలాసేపటికి మాట వచ్చింది. సావుకారుతో కాదు.

"అమ్మా, నన్ను ఇప్పుడు ఆపితే ఈ సంగతి నాలోంచి పోద్దా?"

"పోతుందయ్యా. మళ్ళీ లేపితే గుర్తుండదు."

"మళ్ళీ, అంకమ్మ యాడుందని అడుగుతా."

"ఊఁ."

"ఆఫీసులో ఉందని చెబుతాడీయన. నేను చల్లగుండమని దీవిస్తా."

జరీనా వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"దాచమ్మా," అన్నాడు యల్లమంద.

"వద్దు యల్లమందా," అన్నాడు మాల్యాద్రి. "ఇది ఒకసారి దాచితే తీయడం కుదరదు. లేపిన ప్రతిసారీ నీకు ఇదే. ఆ బాధంతా నీకెందుకు?"

"బాధ నాది సావుకారా. దాంట్లో నువ్వు తరుగు తీయబాక."

జరీనా మాల్యాద్రి ముఖం చూసింది. యంత్రాలు అతనివి, అనుమతి అతనిది. వద్దంటే చాలు. రేపు పొద్దున్న యల్లమంద నవ్వుతూ యాటల సంగతి అడుగుతాడు. అతని కూతురు బతికే ఉంటుంది, ఒక్క అబద్ధం మీద, ఎన్నాళ్ళయినా. ఇంత చవకగా ఇంత పెద్ద తప్పు తుడిచిపెట్టే అవకాశం ఇంకే వ్యాపారికీ రాదు. మాల్యాద్రి ఆ బేరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, తల ఊపాడు. జరీనా మీట నొక్కింది.

సాయంత్రం అధికారి వచ్చేసరికి కారణం గడిలో ఉన్న వాక్యం కొట్టేసి ఉంది. పక్కన మాల్యాద్రి దస్తూరీలో మూడు మాటలు ఉన్నాయి. 'మనిషిని నేను అడగలేదు.' కింద సంతకం.

"ఇది రాస్తే ఏమవుతుందో తెలుసా మీకు? క్వారీ మూయిస్తారు. కేసు మీ మీదికి వస్తుంది," అన్నాడు అధికారి.

"తెలుసండీ."

"అర్థమయ్యేట్టయినా రాయండి. ఏ మనిషిని?"

మాల్యాద్రి కాగితం తీసుకుని 'మనిషిని' ముందు యల్లమంద పేరు రాసి ఇచ్చాడు.

క్వారీ అయిదు నెలలు మూతపడింది. కేసు నడుస్తూ ఉండగానే షరతుల మీద తెరవనిచ్చారు. తెరిచిన రోజున పనివాళ్ళు సగం మందే వచ్చారు. గొలుసు దగ్గర నిలబడటానికి ఒక్కరూ ముందుకి రాలేదు. సుత్తి పట్టుకోవడానికీ రాలేదు. మాల్యాద్రి వాళ్ళని ఒక్క మాట అనలేదు. పంచె ఎగ్గట్టి, చొక్కా మీద తువ్వాలు చుట్టుకుని, తనే గోతిలోకి దిగాడు. అరవై రెండేళ్ళ వయసులో, సుత్తి పట్టడం ఎప్పుడూ చేతకాని మనిషి. జరీనా గదిలోంచి ఒక తీగ లాగి పెట్టెని గోతి దాకా తెచ్చింది.

"మనిషిగానేనా?" అని అడిగింది, తెలిసి కూడా.

"మనిషిగానే."

పదకొండు నిమిషాలు. దగ్గు వచ్చింది. పోయిన రోజు అడగలేదు. యాటల సంగతి అడగలేదు. కూతురి పేరెత్తలేదు. ఆ అడగకపోవడం గోతిలో ఉన్న అందరికీ వినబడింది. దస్తగిరి క్రేను మీద కూర్చునే తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మాల్యాద్రి తొమ్మిది చోట్ల కొట్టాడు.

"ఎవుడిదా దెబ్బ?"

"నాది యల్లమందా. గొలుసుకాడ ఉండేదీ నేనే."

మాల్యాద్రి సుత్తి దించి పెట్టె వైపు తిరిగాడు.

"చేతకాదు నీకు. మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొట్టాడు. మణికట్టు బిగబట్టబాక అన్నాడు యల్లమంద. మళ్ళీ కొట్టాడు. సుత్తిని మోయబాక, పడనీ అన్నాడు. అరచేతుల్లో బొబ్బలు లేచి చితికాయి, సుత్తి పిడి తడైంది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎన్నోసారో లెక్క పెట్టలేదు మాల్యాద్రి. జీవితంలో లెక్క పెట్టనిది అదొక్కటే. కొట్టగా కొట్టగా ఒకసారి తొమ్మిది దెబ్బలూ తిన్నగా పడ్డాయి.

"ఇప్పుడు వినబడింది," అన్నాడు యల్లమంద. "ఎనిమిది. ఎత్తబాక."

దస్తగిరి క్రేను ఇంజను ఆపేశాడు. ఆ పూట నల్లగుట్టలో ఒక్క రాయీ లేవలేదు.